బీబీసీ మైక్రోతో పది సాయంత్రాలు: 1982 నాటి టీవీ పాఠాన్ని ఇవాళ ఇంట్లో నడిపించడం ఎలా

1980ల చివర్లో మా బడిలో ఒక గది ఉండేది. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని వెళ్లాలి. వారానికి ఒక పీరియడ్, ఒక్కో కంప్యూటర్ ముందు అయిదుగురం. లేత గోధుమ రంగు డబ్బా, నల్ల కీలు, పై వరసలో పది ఎర్ర కీలు, డబ్బా మీద చుక్కలతో వేసిన గుడ్లగూబ బొమ్మ. పక్కనే పెద్ద పేరు: బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్.

"బీబీసీ అంటే రేడియోలో వార్తలు చెప్పేవాళ్లు కదండీ, వాళ్లకి కంప్యూటర్‌తో పనేంటి?" అని మా సార్‌ని అడిగాను. "ముందు టైప్ చెయ్యి, బెల్లు కొట్టేస్తారు" అన్నారాయన.

నా ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ డబ్బా, అంటే బీబీసీ మైక్రో కంప్యూటర్, ఒక పాఠంలో సగం మాత్రమే. మిగతా సగం టీవీలో ఉంది. 1984లో భారత ప్రభుత్వం 'క్లాస్' పేరుతో మొదలుపెట్టిన పథకం కింద తొలి విడతలో 250 బడులకు ఈ యంత్రాలు వచ్చాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు దీన్నే యూనికార్న్ పేరుతో తయారు చేశారు కూడా. అలా మా బడికి యంత్రం చేరింది గానీ, ఏ కార్యక్రమాల కోసం దాన్ని తయారు చేశారో అవి మాకెప్పుడూ కనపడలేదు. 2018లో బీబీసీ ఆ పాత కార్యక్రమాలను, 267 భాగాలను, ఇంటర్నెట్‌లో చూసేందుకు పెట్టింది. యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ (ఎమ్యులేటర్) ఎలాగూ ఉచితమే. రెండు సగాలనూ ఇంట్లో ఒకచోట పెట్టుకుని ఆ పాఠాన్ని మొదటినుంచి ఎలా నడిపించాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: అసలు కథ కాస్త

1978లో బీబీసీ మైక్రోచిప్‌ల మీద ఒక డాక్యుమెంటరీ వేసింది. ఈ చిప్‌లు ఎవరి ఉద్యోగాలు తీసేస్తాయి, దేశం దీనికి సిద్ధంగా ఉందా అన్న చర్చ అక్కడ అప్పుడే వేడెక్కింది. దాని కొనసాగింపుగా బీబీసీ విద్యా విభాగం 'కంప్యూటర్ లిటరసీ ప్రాజెక్ట్' తలపెట్టింది. వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. మార్కెట్లో ఉన్న ఏదో ఒక యంత్రాన్ని తెచ్చి దానిచుట్టూ కార్యక్రమం అల్లలేదు. జనానికి ఏం నేర్పాలో ముందు రాసుకున్నారు, అది నేర్పాలంటే యంత్రంలో ఏమేం ఉండాలో తర్వాత రాసుకున్నారు, ఆ జాబితా పట్టుకుని కంపెనీల దగ్గరికి వెళ్లారు.

కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీకి ఆ కబురు అందింది. వారంలో నమూనా చూపించాలి. యజమానుల్లో ఒకరైన హెర్మన్ హౌసర్, కంప్యూటర్లు డిజైన్ చేసే సోఫీ విల్సన్‌కి ఫోన్ చేసి, ఆమె సహచరుడు స్టీవ్ ఫర్బర్ అవుతుందన్నాడని చెప్పారు. ఫర్బర్‌కి ఫోన్ చేసి విల్సన్ సరేనందని చెప్పారు. ఇద్దరూ అప్పటికి ఏమీ అనలేదు! పెళ్లిళ్ల పేరయ్య ఎత్తు అది. సోమవారం పని మొదలైతే, బీబీసీ వాళ్లు వచ్చే శుక్రవారానికి నమూనా నడిచింది.

1981 డిసెంబర్‌లో యంత్రం విడుదలైంది. 12,000 అమ్ముడుపోతే గొప్ప అనుకున్నారు, చివరికి 15 లక్షలు దాటాయి. 1982 జనవరి 11న బీబీసీ 2లో 'ది కంప్యూటర్ ప్రోగ్రామ్' మొదలైంది. పది భాగాలు, ఒక్కోటి 25 నిమిషాలు.

కావలసినవి

ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, చెవులకు హెడ్‌ఫోన్స్, ఒక గళ్ల నోటుబుక్కు, పెన్సిలు. నోటుబుక్కు తప్పనిసరి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. పది సాయంత్రాలు కేటాయించండి. సాయంత్రానికి ఒక భాగం చూడటం, తర్వాత గంటసేపు టైప్ చేయడం. ఒకే ఆదివారం పది భాగాలూ చూసేస్తే సినిమా చూసినట్టే ఉంటుంది, చేతికేమీ రాదు.

ఇంకో మాట. ఈ కింద ఆజ్ఞలను నేను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టాలి. చిన్న అక్షరాల్లో కొడితే ఈ యంత్రం ఒప్పుకోదు.

మొదటి మెట్టు: యంత్రాన్ని కొనకుండా తెచ్చుకోవడం

అసలు యంత్రం కొందామన్న సరదా ఇప్పుడే వద్దు. మ్యాట్ గాడ్‌బోల్ట్ రాసిన జెఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్ బ్రౌజర్లోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. విండోస్ మీద విడిగా కావాలంటే బీబ్‌ఎమ్ ఉంది. నేనైతే మొదటిదానితోనే మొదలుపెట్టమంటాను.

తెరవగానే నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని, దాని కింద 'బేసిక్' (ఈ యంత్రానికి ప్రోగ్రాములు రాసే భాష పేరు) అని, తర్వాత ఒక బాణం ముక్కు లాంటి గుర్తు వస్తాయి. అంతే. స్టార్ట్ మెనూ లేదు, ఐకాన్లు లేవు, అప్‌డేట్ చేయమని బతిమాలడం లేదు. కరెంటు పెట్టిన రెండో సెకనుకే ప్రోగ్రాం రాయడానికి సిద్ధం.

ఏదో ఒకటి, 'హలో' అని కొట్టి రిటర్న్ (మీ కీబోర్డులో ఎంటర్) నొక్కండి. 'మిస్టేక్' అంటుంది. భయపడొద్దు. మా బడిలో అందరం ముందుగా నేర్చుకున్న మాట అదే.

ఇప్పుడు గుర్తుంచుకోవలసిన కీలు కొన్ని. నడుస్తున్న ప్రోగ్రాంని ఆపడానికి ఎస్కేప్. యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టే బ్రేక్ కీకి బదులు మీ కీబోర్డులో ఎఫ్12. పొరపాటున బ్రేక్ నొక్కి రాసిందంతా పోయిందనుకుంటే, 'ఓల్డ్' అని కొట్టండి, తిరిగొస్తుంది. ఈ ఒక్క సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. బల్ల కింద నుంచి చెయ్యి పెట్టి బ్రేక్ నొక్కి పారిపోయే కుర్రాడొకడు ఉండేవాడు, వాడి పుణ్యాన ఒకే ప్రోగ్రాంని నేను మూడుసార్లు టైప్ చేశాను. రాసింది చూడాలంటే 'లిస్ట్', నడపాలంటే 'రన్', అంతా తుడిచేయాలంటే 'న్యూ'. ఒక వరస తప్పు పడితే అదే నంబరుతో మళ్లీ కొట్టండి, పాతది పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. కొటేషన్లు, నక్షత్రం గుర్తు ఎక్కడున్నాయో దొరక్కపోతే ఎమ్యులేటర్ సెట్టింగుల్లో కీబోర్డును 'నేచురల్' పద్ధతికి మార్చండి.

రెండో మెట్టు: మొదటి భాగాన్ని రెండుసార్లు చూడటం

'బీబీసీ కంప్యూటర్ లిటరసీ ప్రాజెక్ట్ ఆర్కైవ్' అని ఇంగ్లీషులో వెతికి, 'ది కంప్యూటర్ ప్రోగ్రామ్' మొదటి భాగం తెరవండి. మొదటిసారి మామూలుగా చూసేయండి. ఇద్దరు మనుషులు ఉంటారు. క్రిస్ సెర్ల్ ఏమీ తెలియని మనిషి తరఫున అడుగుతాడు, ఇయాన్ మెక్‌నాట్-డేవిస్ చెబుతాడు. మనం సెర్ల్ పక్కన కూర్చుంటాం. టీవీలో పాఠం చెప్పడంలో ఇది పాత చిట్కాయే. వ్యవసాయ కార్యక్రమాల్లో రైతు అడగడం, అధికారి చెప్పడం మనం చూసి పెరిగినవాళ్లమే. 1975-76లో 'సైట్' ప్రయోగం కింద ఉపగ్రహం నుంచి నేరుగా 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చినప్పుడు, ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అంటే వార్తలే కాదని మన పల్లెలు ఎప్పుడో చూశాయి.

రెండోసారి సౌండ్ ఆపేసి చూడండి. ఈసారి మీ పని డిజైన్ డాక్యుమెంటరీ చూసేవాడి పని. కంప్యూటర్ తెర కనిపించిన ప్రతిసారీ ఎన్ని సెకన్లు నిలిపారో నోటుబుక్కులో రాయండి. కీబోర్డు మీద చెయ్యి ఎప్పుడు చూపించారు? బయట ఫ్యాక్టరీకో ఆఫీసుకో వెళ్లి మళ్లీ స్టూడియోకి ఎప్పుడు వచ్చారు? మాట వినపడకపోయినా పాఠం ఎంతవరకు అర్థమైంది? ఇప్పటి ట్యుటోరియల్ వీడియో ఏదైనా ఒకటి పక్కన పెట్టి అదే లెక్క వేసి చూడండి. తేడా మీకే కనపడుతుంది.

ఆ ఆర్కైవ్‌లో కార్యక్రమాల్లో వాడిన ప్రోగ్రాములు కూడా 166 దాకా పెట్టారు. వాటిని బ్రౌజర్లోనే నడపొచ్చు. కానీ నడపడం కన్నా టైప్ చేయడం మేలు. తప్పులు పడితేనే తెలివి వస్తుంది.

మూడో మెట్టు: తెరకీ జ్ఞాపకశక్తికీ మధ్య బేరం

ఈ యంత్రంలో మొత్తం ర్యామ్ 32 కేబీ. మీ ఫోన్లో వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి దీనికన్నా పెద్దది. ఆ 32లోంచే తెర మీది బొమ్మకూ చోటు ఇవ్వాలి, మీ ప్రోగ్రాంకీ ఇవ్వాలి. ఈ బేరం అర్థమైతే సగం కంప్యూటర్ అర్థమైనట్టే.

తెర మీద రాతనీ బొమ్మనీ చూపించే ఒక్కో పద్ధతినీ ఇక్కడ మోడ్ అంటారు. 'మోడ్ 7' అని కొట్టండి. తర్వాత 'ప్రింట్ హైమెమ్'. 31744 అని వస్తుంది. ఇప్పుడు 'మోడ్ 2' కొట్టి మళ్లీ అదే అడగండి. 12288. మీ ప్రోగ్రాంకి ఉన్న పైకప్పు ఒక్కసారిగా 19 కేబీ కిందికి దిగింది! మోడ్ 2లో రంగులు ఎక్కువ, తెరే 20 కేబీ మింగేస్తుంది. మోడ్ 7 ఒక్క కేబీతో సరిపెట్టుకుంటుంది. ఎందుకంటే అందులో చుక్కలు దాచరు, అక్షరాల నంబర్లు మాత్రమే దాస్తారు. 40 గళ్లు, 25 వరసలు, మొత్తం వెయ్యి గళ్లు. అద్దె ఇంట్లో హాలు పెద్దది కావాలంటే వంటిల్లు ఇరుకవుతుంది కదా, అదే లెక్క.

మోడ్ 2లో ఉండగానే ఈ మూడూ కొట్టండి:

జీకాల్ 0,1
మూవ్ 0,0
డ్రా 1279,1023

కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఎర్ర గీత పడుతుంది, మెట్లుమెట్లుగా. 'మోడ్ 1'కి మారి మళ్లీ అవే మూడూ కొట్టండి. గీత అదే దారిలో వెళ్తుంది, మెట్లు మాత్రం సన్నబడతాయి. తెరలో అడ్డంగా 160 చుక్కలే ఉన్నా 320 ఉన్నా మీరిచ్చే కొలత మాత్రం ఎప్పుడూ 1280కి 1024. ఒక మోడ్‌లో రాసిన బొమ్మ ఇంకో మోడ్‌లో పాడవకూడదని సోఫీ విల్సన్ బీబీసీ బేసిక్‌లో పెట్టిన ఏర్పాటు ఇది. అంతా కలిపి 16 కేబీ రోమ్‌లో (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకశక్తిలో) ఇమిడిన భాషలో ఇలాంటి మర్యాదలు చాలా ఉన్నాయి.

నాలుగో మెట్టు: ఎనిమిది గళ్లలో 'ర'

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. నోటుబుక్కు తీయండి.

ఈ యంత్రంలో తెలుగు లేదు. కానీ ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్లలో కొత్త అక్షరం చెక్కుకోవచ్చు. గళ్ల కాగితం మీద 8×8 చతురస్రం గీయండి. పైన గళ్లకు ఎడమ నుంచి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని నంబర్లు వేయండి. ఇప్పుడు 'ర' రాద్దాం. పై వరసలో తలకట్టు కొస కోసం కుడి నుంచి రెండో గడి నింపండి. దాని విలువ 2. రెండో వరసలో తలకట్టు ఎడమ మొదలు 64, కుడి గీత 4, కలిపితే 68. మూడో వరసలో తలకట్టు వచ్చి గుండ్రానికి ఆనే చోటు: 32, 16, 8 కలిపి 56. ఆ కింద గుండ్రం విప్పుకుంటుంది: 68, 130, 130, మళ్లీ ముడుచుకుంటుంది: 68, 56.

ఇప్పుడిలా కొట్టండి:

10 మోడ్ 4
20 వీడీయూ 23,224,2,68,56,68,130,130,68,56
30 వీడీయూ 224

రన్. తెర మూలన చిన్న 'ర' ప్రత్యక్షం.

మా అక్క కొడుక్కి పదమూడేళ్లు. వాడి పక్కన కూర్చుని చేయించినప్పుడు ముందు పెదవి విరిచాడు. "మావయ్యా, ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంది కదా, దీనికింత తిప్పలెందుకు?" అన్నాడు. సరే, 20వ వరసలో మొదటి 130ని 146 చేయమన్నాను. చేసి రన్ కొట్టాడు. గుండ్రం మధ్యలో చుక్క పడింది. 'ర' కాస్తా 'ఠ' అయింది. ఒక్క 16 కలిపితే ఒక అక్షరం ఇంకో అక్షరం అయిపోయింది! వాడు ఆ సాయంత్రం ఇంకేం మాట్లాడలేదు, నోటుబుక్కు లాక్కుని తన పేరు చెక్కుకున్నాడు.

ఆ పేరు దగ్గరే అసలు చిక్కు తెలిసింది. మామూలుగా 224 నుంచి 255 వరకు 32 అక్షరాలే మనవి. తెలుగుకి అచ్చులు, హల్లులు, ఆ పైన గుణింతాలు, వత్తులు. ముప్పై రెండుతో ఏ మూలకి? ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, మోడ్ 4లో 'వీడీయూ 5' కొట్టడం. అప్పటినుంచి అక్షరం తన వెనకున్న బొమ్మను చెరపకుండా దాని మీదే పడుతుంది. మూవ్‌తో కర్సర్‌ని కచ్చితమైన చోటికి పంపి, హల్లు మీద గుడి, కొమ్ము, కింద వత్తు విడివిడిగా దించొచ్చు. గుణింతాల కోసం వేరే అక్షరాలు చెక్కక్కర్లేదు. రెండోది, ఒక్కో అక్షరానికి రెండు గళ్లు వాడటం, 'ఘ' 'ఝ' లాంటివాటికి ఎలాగూ తప్పదు. ఏది ఎంచుకున్నా ముందు మీ పేరులో ఎన్ని ముక్కలు కావాలో కాగితం మీద లెక్క వేసుకోండి. తెలుగు ఫాంట్లు చేసేవాళ్ల తలనొప్పి ఏమిటో ఒక గంటలో తెలిసిపోతుంది.

అయిదో మెట్టు: సరళీ స్వరాలు

యంత్రంలో మూడు స్వరాల గొంతులు, ఒక రొద గొంతు ఉన్నాయి. సౌండ్ ఆజ్ఞకి నాలుగు అంకెలు: ఏ గొంతు, ఎంత గట్టిగా, ఏ స్థాయి, ఎంతసేపు. గట్టితనానికి -15 అంటే పూర్తి ధ్వని. సమయం సెకనులో ఇరవయ్యో వంతుల్లో. స్థాయిలో 53 అంటే మిడిల్ సి. నాలుగు పెరిగితే ఒక అర్ధస్వరం పెరుగుతుంది.

సంగీతం నేర్చుకున్న ఇల్లయితే మాయామాళవగౌళ తెలిసే ఉంటుంది. దాని లెక్క ఇదిగో:

10 ఫర్ ఐ=1 టు 8
20 రీడ్ పి
30 సౌండ్ 1,-15,పి,10
40 నెక్స్ట్
50 డేటా 53,57,69,73,81,85,97,101

సరిగమపదనిస వినపడుతుంది. గమకం మాత్రం ఉండదు, తిన్నటి మెట్లే. అర్ధస్వరానికి నాలుగు మెట్లు ఉన్నాయి కాబట్టి రి దగ్గర 57కి బదులు 56, 58 పెట్టి చూస్తే చెవికి తేడా తెలుస్తుంది. ఇంకా ముందుకెళ్లాలంటే 'ఎన్వలప్' అనే ఆజ్ఞ ఉంది, దానికి 14 అంకెలు ఇవ్వాలి. నేను ఒక రాత్రంతా కూర్చుని కాంభోజి గమకం రప్పిద్దామని చూశాను. పాత స్కూటర్ స్టార్ట్ అవుతున్నట్టు వచ్చింది.

ఆరో మెట్టు: టీవీ వెనక గీతల్లో దాగిన పత్రిక

బీబీసీ రాసిన జాబితాలో మోడ్ 7 ఎందుకు ఉందో తెలియాలంటే సీఫాక్స్ తెలియాలి. టీవీ సిగ్నల్లో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య తెర మీద కనపడని ఖాళీ గీతలు కొన్ని ఉంటాయి. 1974 సెప్టెంబర్ 23న బీబీసీ ఆ ఖాళీలో అక్షరాలు పంపడం మొదలుపెట్టింది. ఈ పద్ధతిని టెలిటెక్స్ట్ అంటారు, బీబీసీ తన సేవకు పెట్టుకున్న పేరే సీఫాక్స్. వార్తలు, వాతావరణం, క్రికెట్ స్కోర్లు, రైళ్ల వేళలు, అన్నీ రిమోట్‌తో పేజీ నంబరు కొడితే వచ్చేవి. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు అదే వాళ్లకు ఇంటర్నెట్. 2012 అక్టోబర్ 23న ఆగిపోయింది. బీబీసీ మైక్రో మోడ్ 7 అచ్చంగా ఆ టెలిటెక్స్ట్ పేజీయే. యంత్రానికి ఒక అడాప్టర్ తగిలిస్తే, ప్రోగ్రాములు కూడా ఆ ఖాళీ గీతల్లోంచే గాల్లో వచ్చి దిగేవి. 1980ల్లో యాంటెన్నా నుంచి డౌన్‌లోడ్ అన్నమాట.

ఒక శీర్షిక తయారు చేద్దాం:

10 మోడ్ 7
20 ఫర్ ఐ=1 టు 2
30 వీడీయూ 132,157,131,141
40 ప్రింట్ "నేటి వార్తలు"
50 నెక్స్ట్

40వ వరసలో కొటేషన్ల మధ్య మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, మోడ్ 7లో మనం చెక్కిన అక్షరాలు పనిచేయవు. రన్ చేస్తే నీలం పట్టీ మీద పసుపు రంగు పెద్ద అక్షరాలు వస్తాయి. ఏం జరిగిందో చూడండి. 132 అంటే ఇకమీదట నీలం. 157 అంటే ఆ నీలాన్ని వెనక రంగుగా చెయ్యి. 131 అంటే ఇప్పుడు రాత పసుపు. 141 అంటే రెట్టింపు ఎత్తు. ఒక్కో ఆజ్ఞా ఒక గడిని తినేస్తుంది. అందుకే 40 గళ్లలో మీకు 36 మిగిలాయి, పట్టీకి ఎడమ అంచున ఒక గడి నల్లగానే ఉండిపోయింది. రెట్టింపు ఎత్తు కోసం అదే వరసను రెండుసార్లు అచ్చు వేయాలి, ఫర్-నెక్స్ట్ పెట్టింది అందుకే. 20లో 2ని 1 చేసి చూడండి, అక్షరాల పై సగం మాత్రమే వస్తుంది, తలలు తేలుతున్నట్టు.

బొమ్మలు కావాలంటే 145 నుంచి 151 వరకు ఉన్న కోడ్లు వాడాలి. అప్పుడు ఒక్కో గడీ రెండు అడ్డం, మూడు నిలువు, మొత్తం ఆరు ముక్కలవుతుంది. సంక్రాంతి ముగ్గు వేయడానికి ఇది భలే అనువు. చుక్కల లెక్క మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మకి చూపిస్తే, "రంగు మారిన ప్రతిచోటా ఒక చుక్క వదలాలా? ముగ్గు తెగిపోదూ?" అని అడిగింది. తెగిపోతుంది మరి. ఆ తెగడం కనపడకుండా పేజీ దిద్దడమే టెలిటెక్స్ట్ ఆర్టిస్టుల పనితనం.

ఏడో మెట్టు: నది ఒడ్డు రాజ్యం

యంత్రంతో పాటు ఒక వెల్‌కమ్ క్యాసెట్ ఇచ్చేవాళ్లు. దాని డిస్క్ రూపం ఎమ్యులేటర్లోకి ఎక్కించి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్12 నొక్కితే మెనూ వస్తుంది. అందులో 'యెల్లో రివర్ కింగ్‌డమ్' ఆడండి. నది ఒడ్డున మూడు ఊళ్లు మీ చేతిలో. ప్రతి రుతువులో ఎంతమందిని గట్టు కాపలాకి పంపాలి, ఎంతమందిని పొలానికి, ఎంతమందిని దొంగల మీదికి, ఇదే ఆట. గట్టుకి తక్కువ పంపితే వరద, పొలానికి తక్కువ పంపితే తిండి లేదు. కోనసీమవాళ్లకు దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు.

ఆడటం అయ్యాక ఎస్కేప్ నొక్కి 'లిస్ట్' కొట్టండి. రాజ్యం మొత్తం ఎలా నడుస్తుందో మీ కళ్ల ముందే ఉంటుంది. వరద వచ్చే అవకాశాన్ని లెక్కవేసే వరస వెతికి పట్టుకుని మార్చి చూడండి. పాఠం దాచిపెట్టని ఆట ఇది.

ఎనిమిదో మెట్టు: చప్పుడులో దాగిన ప్రోగ్రాం

అసలు యంత్రం ఉన్నవాళ్లకే ఇది పూర్తిగా వర్తిస్తుంది, మిగతావాళ్లు చదువుకుని ముందుకెళ్లొచ్చు. ప్రోగ్రాం దాచుకోవడానికి మామూలు టేప్ రికార్డర్ వాడేవాళ్లు. 'సేవ్' అని పేరుతో కొడితే, రికార్డ్ నొక్కి రిటర్న్ కొట్టమంటుంది. సున్నాలు, ఒకట్లు రెండు కీచు స్వరాలుగా, 1200, 2400 హెర్ట్జ్‌లలో క్యాసెట్ మీదికి వెళ్తాయి. సెకనుకి సుమారు 120 అక్షరాల వేగం. 25 కేబీ ప్రోగ్రాం ఎక్కాలంటే మూడున్నర నిమిషాల పైనే, ఈలోపు టీ పెట్టుకోవచ్చు.

చప్పుడే కాబట్టి రేడియోలోనూ పంపొచ్చు! నెదర్లాండ్స్ పబ్లిక్ రేడియో తన హాబీస్కూప్ కార్యక్రమంలో ఇలాగే ప్రోగ్రాములు ప్రసారం చేసేది. రకరకాల కంపెనీల యంత్రాలన్నిటికీ అర్థమయ్యేలా బేసికోడ్ అనే ఉమ్మడి పద్ధతి పెట్టుకున్నారు. బీబీసీ రేడియో 4లో 'చిప్ షాప్' కూడా అదే పని చేసింది.

ఇప్పుడు క్యాసెట్‌కి బదులు ఫోన్ వాడొచ్చు. వాల్యూమ్ మూడొంతుల దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. 'డేటా?' అని గానీ 'బ్లాక్?' అని గానీ వస్తే ధ్వని ఎక్కువో తక్కువో అయినట్టు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే ప్రోగ్రాం గోవిందా, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

తొమ్మిదో మెట్టు: అసలు యంత్రం చేతికొస్తే

పాత బడి గోదాములోనో, బ్రిటన్‌లో ఉన్న బంధువుల ద్వారానో ఒకటి దొరికిందనుకోండి. ఇక్కడ నా తప్పు మీరు చేయకండి. నాది వచ్చిన రోజే ఆత్రంగా ప్లగ్ పెట్టాను. బీప్ వినపడింది, తెర వచ్చింది, ఆనందంతో అందర్నీ పిలిచాను. పది నిమిషాలకు టప్‌మని చప్పుడు, వెనక నుంచి తెల్లటి పొగ. నెలాఖరు దాకా ఇంట్లో ఆ వాసనే.

తప్పు యంత్రానిది కాదు. పవర్ సప్లైలో మెయిన్స్ కరెంటుకి అడ్డంగా ఉండే కండెన్సర్లు ఆ కాలంవి కాగితపు పొరలతో చేసినవి. ఏళ్లు గడిచేకొద్దీ పై తొడుగు పగిలి, తేమ లోపలికి వెళ్తుంది. మన తీర ప్రాంతాల గాలికి చెప్పేదేముంది. అందుకని ముందుగా మూత తీయండి. 'ఫిక్స్' అని రాసిన స్క్రూలు వెనకా, అడుగునా ఉంటాయి. అవి తీస్తే పైమూత లేస్తుంది. పవర్ సప్లై ఎడమవైపు ఉన్న లోహపు డబ్బా. దాన్ని మీరు విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కరెంటు కాసేపు నిల్వ ఉంటుంది. టీవీ రిపేరు తెలిసినవాళ్ల చేత ఆ కండెన్సర్లు మార్పించండి. కొత్తవి అదే విలువలో, కచ్చితంగా ఎక్స్2 తరగతివే వేయమని చెప్పండి. ఏదో ఒకటి వేసేస్తే సరిపోదు, అది మెయిన్స్ మీద ఉండే భాగం.

తెర సంగతి సులువే. మనదీ బ్రిటన్‌లా 'పాల్' అనే టీవీ సిగ్నల్ పద్ధతే, 230 వోల్టులే. వెనకున్న వీడియో సాకెట్ నుంచి పాత టీవీ పసుపు రంగు ఏవీ పిన్నుకి వైరు కలిపితే బొమ్మ వస్తుంది, నలుపు తెలుపులో. రంగులు కావాలంటే ఆర్‌జీబీ సాకెట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న బోర్డులు ఉన్నాయి, రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ మీద నడుస్తాయి. ప్లాస్టిక్ పసుపు బారిందని రసాయనాలు పూసి తెల్లగా చేసేవాళ్లున్నారు. నేను చేయను. వెండి జుట్టుకి రంగేసినట్టు ఉంటుంది.

మూత తీసి ఉండగానే అడుగున 'ట్యూబ్' అని రాసిన కనెక్టర్ ఒకటి చూడండి. రెండో ప్రాసెసర్ తగిలించుకునే చోటు అది. 1985 ఏప్రిల్ 26న విల్సన్, ఫర్బర్‌ల కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వస్తే, ఒక బీబీసీ మైక్రోకి ఇలాగే ట్యూబ్ ద్వారా కలిపి నడిపి చూశారు. ఆ చిప్ పేరు ఆర్మ్. మీ జేబులోని ఫోన్లో ఉన్నది దాని మునిమనవడే.

పదో మెట్టు: మీరు చేసింది దాచుకోవడం

1986లో బీబీసీ ఇంకో పెద్ద పని చేసింది. ఇంగ్లండ్‌లోని ఊళ్లు, భూముల లెక్కలు రాసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండాయని, పది లక్షల మందికి పైగా జనం చేత తమ ఊళ్ల గురించి రాయించి, ఫొటోలు తీయించి, లేజర్ డిస్కుల్లోకి ఎక్కించింది. చదవడానికి బీబీసీ మాస్టర్ కంప్యూటరు, ప్రత్యేకమైన ప్లేయరు కావాలి. పదిహేనేళ్లకే అవి చదవగలిగే యంత్రాలు కరువయ్యాయి. తోలు మీద సిరాతో రాసింది 900 ఏళ్ల తర్వాతా చదవగలుగుతున్నారు. కొత్తదాన్ని తిరిగి బయటకు తీయడానికి చాలామంది చాలాకాలం కష్టపడాల్సి వచ్చింది.

కాబట్టి పది సాయంత్రాల పనినీ మూడుచోట్ల పెట్టండి. ఎమ్యులేటర్ డిస్క్ ఫైలు ఒకటి. లిస్ట్ కొట్టి, వచ్చిన వరసల్ని మామూలు టెక్స్ట్ ఫైలులోకి ఎక్కించుకున్నది ఇంకొకటి. మూడోది గళ్ల నోటుబుక్కు. అందులో ప్రతి ప్రోగ్రాం పైన ఏ మోడ్, ఏ తేదీ, ఏ అక్షరానికి ఏ నంబరు ఇచ్చారో రాసుకోండి. మా వాడి నోటుబుక్కులో 224 నుంచి 231 వరకు వాడి పేరు ఉంది, 232 నుంచి మా అక్క పేరు మొదలైంది, మధ్యలో ఒక 'ఝ' మూడు పేజీలు ఆక్రమించి ఇంకా కుదరలేదు.